మా బావగారి హస్తవాసి

జూన్ 3

బావగారికి,

తెల్లకోటు వేసుకుని కూర్చుంటున్నారట! నిన్న ఫోన్‌లో అక్క చెప్పింది. చెప్పి ఊరుకుందా, "మీ బావకి భలే నప్పిందే" అని మురిసిపోయింది కూడా. నప్పక ఏం చేస్తుంది, కోటుకి నోరుందా? అది నా కొలతలకి కుట్టించుకున్న కోటు. మీ పొట్ట మీద దాని గుండీలు ఎలా పట్టాయో ఆ దేవుడికే తెలియాలి.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ హాస్టల్లో ఫోను వార్డెన్ గదిలో ఉంది. ఆవిడ పక్కనే కూర్చుని అల్లిక అల్లుకుంటూ మన ఇంటి సంగతులన్నీ చెవులారా వింటుంది. పైగా ఫోన్‌లో మీరు మొదలుపెడితే నాకు సందు దొరకదు. ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా మీరు ఆగి తీరాలి.

మళ్ళీ చెబుతున్నాను, వినండి. క్లినిక్ బోర్డు మీద పేరు నాది. గోడ మీద అద్దంలో బిగించిన ఫిజియోథెరపీ లైసెన్సు నాది. ఫ్యాన్ల కొట్టు మూసేశాక మీరు ఇంట్లో ఖాళీగా కూర్చుని అక్క తల తింటుంటే, ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోండి అని నేనే పిలిచాను. పేర్లు రాసుకోమన్నాను, నడుములు సరిచెయ్యమనలేదు. నేనిక్కడ కాళ్ళు పోయినవాళ్ళకి కొయ్యకాళ్ళతో నడక ఎలా నేర్పాలో నేర్చుకుంటున్నాను, వచ్చే ఏడాదికి గానీ రాను. బోర్డు దించేసి వెళ్తానంటే "దించితే జనం మర్చిపోతారు" అని మీరే అడ్డం పడ్డారు. సరేలే అన్నాను. నా బదులు లైసెన్సున్న అమ్మాయి వచ్చే నెల మధ్యలో చేరుతుంది. అందాకా మీరు తలుపు తియ్యండి, వచ్చినవాళ్ళని పెద్దాసుపత్రికి వెళ్ళమనండి, తలుపు వెయ్యండి. ఇంత చిన్న పని అప్పజెప్పినందుకు మీ పరువు పోయిందేమో గానీ, ఇంతకంటే పెద్ద పని చెయ్యడానికి మీకు హక్కు లేదు.

లోపలి గదిలో కరెంటు మిషన్ జోలికి పోకండి. అది ఫ్యాను కాదు. ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యకండి. ఇంత సూటిగా రాస్తే నొచ్చుకుంటారని అక్క భయం. నొచ్చుకోండి, పరవాలేదు.

కోటు ఉతికించి బీరువాలో పెట్టించండి.

మీ మరదలు

*

జూన్ 12

మరదలు పిల్లా,

నీ ఉత్తరం అందింది. మీ అక్కకి చదివి వినిపించాను, పొట్ట గురించిన ముక్క తప్ప. కొయ్యకాళ్ళ మధ్య ఉండి ఉండి నీ మాట కూడా కొయ్యబారిపోయిందని ఇద్దరం అనుకున్నాం.

ముందు గదిలో ఏసీ గాలి సూటిగా నా మెడ మీదే కొడుతుంది. చలికి కోటు వేసుకోవడం కూడా మీ చట్టంలో నేరమేనా? కోటు చూసి జనం "డాక్టరుగారూ" అంటే నేనేం చెయ్యను, ఒక్కొక్కరి నోరూ మూస్తూ కూర్చోనా? నీ కరెంటు మిషన్ గుర్రుమంటుంటే విప్పి చూశాను. లోపల నట్టు వదులైంది. బిగించాను. ఇప్పుడు పిల్లిలా పడి ఉంది. థాంక్స్ అక్కర్లేదు.

హస్తవాసి అని ఒకటుంటుంది, తెలుసా? అది కాలేజీలో ఇచ్చేది కాదు, పుట్టుకతో వస్తుంది. మన వీధి చివర బ్యాంకు గుమాస్తా లేడూ, మెడ పట్టేసి పక్కకి తిరగలేక ఏడుపు మొహంతో వచ్చాడు. నువ్వు చెప్పినట్టే పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను. "అక్కడ క్యూలో నిలబడితే మెడతో పాటు కాళ్ళూ పోతాయండీ, మీరే ఏదో ఒకటి చెయ్యండి" అన్నాడు. మనిషి అంతగా అడిగితే కాదంటామా? ఒక్క తిప్పు తిప్పాను. టప్‌మంది. లేచి నా చెయ్యి పట్టుకుని వదలడే! ఆ తర్వాత అతను ఊరంతా చెప్పాడు. నా తప్పా?

ఒకాయన మాత్రం "మీరేం చదివారు" అని ఆరా తీశాడు. మా మరదలి చేతికింద పనిచేస్తున్నాను అన్నాను. నోరు మూసుకుని బల్ల మీద పడుకున్నాడు. చూశావా, ఎక్కడా నీ పరువు తియ్యలేదు.

అందరూ ఆ గుమాస్తాలా ఉండరు లే. మోకాలి ఆపరేషన్ అయిన టైలరమ్మ వచ్చింది, కూతురి భుజం పట్టుకుని. మోకాలు మడత పడకపోతే మిషన్ తొక్కలేదు కదా పాపం, అని నేనే పూనుకుని పట్టి మడిచాను. ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పిక్క లాగుతోందనీ, రాయిలా ఉందనీ ఏవో వంకలు. నొప్పి లేకుండా మోకాలు వంగుతుందా ఎక్కడైనా? మధ్యలోనే దిగిపోయి ఇక రానంది. ఈ కాలం మనుషులకి ఓర్పు లేదు మరదలా, అన్నీ తేలిగ్గా అయిపోవాలి.

చలికి వణుకుతూ,
నీ బావ

*

జూన్ 19

బావగారూ,

బ్యాంకు గుమాస్తా మెడ టప్‌మందా? మీరూ ఆయనా ఇద్దరూ అదృష్టవంతులే. అది ఇంకోలా టప్‌మని ఉంటే ఆయనకి కాళ్ళూ చేతులూ చచ్చుబడేవి, ఊరంతా చెప్పడానికి నోరు కూడా తిరిగేది కాదు. మెడని మీరు ఫ్యాను రెగ్యులేటరనుకున్నారు. ఎటు తిప్పితే ఏమవుతుందో చూద్దామని తిప్పారు.

మరదలి చేతికింద పనిచేస్తున్నానన్నారా! నా చెయ్యి ఇక్కడుంది బావగారూ. మధ్యలో ఎన్ని ఊళ్ళున్నాయో బస్సెక్కి లెక్కపెట్టుకోండి. అంత పొడుగు చెయ్యి నాకు లేదు. ఒకరి చేతికింద పని అంటే వాళ్ళు పక్కన నిలబడి చూస్తూ ఉండాలి, తేడా వస్తే ఆపాలి. చట్టం అనేదీ అదే. ఆ మాటకొస్తే నేను పక్కనే ఉన్నా సరే, మెడ తిప్పే పని మీకు అప్పజెప్పడానికి నాకే హక్కు లేదు. అప్పజెబితే ముందు నా లైసెన్సు పోతుంది, పోవాలి కూడా.

మేము ఒక మనిషి ఒంటి మీద చెయ్యి వేసేముందు ఏం చేస్తామో తెలుసా? చెబుతాం. ఎక్కడ పట్టుకుంటామో, ఎందుకో, ఎంత నొప్పి రావచ్చో చెప్పి, చెయ్యమంటారా అని అడుగుతాం. వద్దంటే మానేస్తాం. మొదలుపెట్టాక వద్దన్నా మానేస్తాం. అది మా మంచితనం కాదు, రూలు. టైలరమ్మని మీరు అడిగారా? అరుస్తుంటే ఆగారా? అరుస్తున్న మనిషి మోకాలు పట్టి విరిచినట్టు వంచి, తిరిగి ఆవిడకే ఓర్పు లేదంటున్నారు. మీ సిగ్గంతా ఆ కొట్టుతో పాటే మూసేశారా? మా పుస్తకాల్లో దీన్ని వైద్యం అనరు. దౌర్జన్యం అంటారు. రోడ్డు మీద చేస్తే పోలీసులు తీసుకెళ్తారు, కోటు వేసుకుని చేశారు గనక "డాక్టరుగారూ" అంటున్నారు.

ఇక మీరు చెయ్యాల్సింది ఒక్కటే ఉంది. అక్కని వెంటబెట్టుకుని టైలరమ్మ ఇంటికి వెళ్ళండి. వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టండి. ఏదో పైపైన కాదు, ఆవిడ ఇక చాలు అనేదాకా. మీ హస్తవాసి అంతా అక్కడ చూపించండి. అప్పుడైనా ఆ మోకాలికి మీరు చేసిన అన్యాయం కొంత తీరుతుందేమో చూద్దాం.

అది అయ్యాక క్లినిక్‌కి తాళం వేసి, తాళంచెవి అక్క చేతిలో పెట్టండి. కోటు కూడా.

అంత పొడుగు చెయ్యి లేని,
మరదలు

*

జూన్ 28

మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మొదటి పేజీ చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. చించి పారేద్దామనుకున్నాను, మీ అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. చివరి పేజీకి వచ్చేసరికి మనసు చల్లబడింది. ఎంత కాదన్నా చదువుకున్నదానివి. అంత కోపంలోనూ రోగికి ఏం కావాలో మర్చిపోలేదు. పైగా నా హస్తవాసిని కాగితం మీద ఒప్పుకున్నావు. ఆ ముక్క మీ అక్క చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను.

ఇక్కడ ఒక తమాషా. "కాళ్ళు పట్టమంటే క్షమాపణ చెప్పుకోమనేమోనండీ" అని మీ అక్క సణిగింది. నేను కసిరాను. అది ఫిజియోనే బాబూ, ఫిజియో కాళ్ళు పట్టమంటే కాళ్ళు పట్టమనే! హస్తవాసి చూపించమని కూడా రాసింది, క్షమాపణకి హస్తవాసి ఎందుకు? అన్నాను. వెళ్ళి నూనె వెచ్చబెట్టింది.

మొన్న సాయంత్రం వెళ్ళాం. ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. కిటికీ పక్కన మిషన్, దాని మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు గుట్టగా. టైలరమ్మ మంచం మీద కాలు చాపుకుని ఉంది. నన్ను చూడగానే మొహం గోడవైపు తిప్పేసుకుంది. కూతురు గుమ్మంలో అడ్డంగా నిలబడి "మళ్ళీ ఎందుకొచ్చారు" అంది. నేనేం తక్కువ తిన్నానా, నీ ఉత్తరం తీశాను. పైదంతా మన ఇంటి గొడవ గనక ఆ చివరి ముక్క మాత్రం చదివి, నీ రాత చూపించాను. ఆ పిల్ల నీ రాత గుర్తుపట్టింది, నువ్వు వెళ్ళేముందు వ్యాయామాలు రాసిచ్చావట కదా. "మేడమ్ చెప్పారంటే సరే" అని తప్పుకుంది. నీ పేరుకి ఎంత విలువుందో చూడు!

ఆపరేషన్ చేసిన కాలి పిక్క రెండోదానికంటే బాగా లావెక్కి ఉంది. ఎర్రగా, చెయ్యి పెడితే వేడిగా, బిగుసుకుపోయి ఉంది. పాపం, ఆవిడ చెప్పింది వంక కాదన్నమాట, నిజంగానే రాయిలా ఉంది. నూనె పోసి మడమ దగ్గర నుంచి పైకి, ఆ గట్టితనం కరిగేలా వత్తి వత్తి పట్టాను. నా బొటనవేళ్ళు ఇప్పటికీ నొప్పి. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని "చాలు బాబూ చాలు" అంది. నువ్వు చాలు అనేదాకా అన్నావు గనక, ఇంకో రెండు చేతులు ఎక్కువేసి ఆపాను.

తాళం వెయ్యమని రాశావు గానీ, ఇంత జరిగాక దాని అవసరం లేదనుకుంటాను.

నీ చేతికింద పనిచేస్తున్న,
బావ

*

జూలై 3

బావగారూ,

నిన్న ఫోన్‌లో అరిచింది నేనే. మీరు "ఎవరో పిచ్చిది" అనుకుని పెట్టేశారని అక్క చెప్పింది. మళ్ళీ చేసి అక్కతో మాట్లాడాను కాబట్టి సరిపోయింది. మీ ఉత్తరం నా చేతికొచ్చింది నిన్న మధ్యాహ్నం. పిక్క లావెక్కి ఎర్రగా వేడిగా ఉంది అన్న దగ్గర లేచి నిలబడ్డాను. వత్తి వత్తి పట్టాను అన్న దగ్గర చెప్పులు కూడా వేసుకోకుండా వార్డెన్ గదికి పరుగెత్తాను.

ఆపరేషన్ అయిన కాలు కదలకుండా పడి ఉంటే లోపల రక్తనాళంలో రక్తం గడ్డ కట్టవచ్చు. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, బిగుసుకుంటే అదే గుర్తు. ఆ కాలిని పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి కూర్చున్నచోటే పోవచ్చు. మొదటి సంవత్సరం పిల్లని లేపి అడిగినా చెబుతుంది. మీ హస్తవాసి సరిగ్గా అదే చేసింది. మీరు వెళ్ళొచ్చిన మర్నాటి నుంచీ ఆవిడకి ఆయాసమట. ఇంట్లోవాళ్ళు గ్యాసనుకున్నారు. నిన్న అక్క వెళ్ళి బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారట డాక్టరు. దక్కింది. మీ అదృష్టం ఇంకా ఖర్చవలేదు.

కాళ్ళు పట్టండి అంటే క్షమించమని బతిమాలుకోండి అని అర్థం! నోరున్న ప్రతి మనిషికీ తెలుసు. అక్కకి తెలిసింది. చెబితే కసిరారు. ఈ ఒక్కమాట తెలియనంత అమాయకులా మీరు? ఎవరి కాళ్ళూ పట్టే అవసరం మీకెప్పుడూ రాలేదు, వచ్చినా గుర్తుపట్టలేదు, అదీ సంగతి.

కానీ మీ మీద కంటే నా మీద నాకు ఎక్కువ మండుతోంది. మీ మొదటి ఉత్తరం రాత్రి మళ్ళీ తీసి చదివాను. పిక్క లాగుతోందనీ రాయిలా ఉందనీ ఆవిడ అన్నదని మీరు అప్పుడే రాశారు. కోతలు కోస్తూ, వంకలంటూ, రాశారు. కానీ రాశారు! ఆ ముక్క చూడగానే "ముందు ఆవిడని సర్జన్ దగ్గరికి పంపండి" అని నేను టెలిగ్రాం కొట్టాల్సింది. కొట్టలేదు. మిమ్మల్ని ఎలా దెప్పాలా, ఏ మాట ఎక్కడ తగిలించాలా అని చూసుకుంటూ ఆ ముక్క దాటేశాను. మీకు చెయ్యి ఆగదు, నాకు నోరు ఆగదు. మధ్యలో ఆవిడ కాలు.

డాక్టరుకి అంతా చెప్పండి. మోకాలు వంచింది, పిక్క పిసికింది, ఏదీ దాచకండి. ఇది వెటకారం కాదు. ఇందులో ఒక్క మాటకి కూడా రెండో అర్థం లేదు.

మరదలు

*

జూలై 12

మరదలికి,

నీ ఉత్తరం మీ అక్కకి చూపించలేదు. ఇప్పటికే తిండి మానేసి కూర్చుంది.

టైలరమ్మ ఇంటికి వచ్చేసింది. మందులు వాడుతోంది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. పోయిందనుకున్న ప్రాణం నిలబడింది, అక్కడితో ఊరుకోవచ్చుగా? కూతురు మీకు లైసెన్సులిచ్చే కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టింది. నిన్న ఇద్దరు వచ్చారు. ఒకడు చూడ్డానికి కుర్రాడే, మాట మాత్రం కత్తి. గోడ మీద నీ లైసెన్సు చూశాడు, నా కోటు చూశాడు, "ఈ ఇద్దరిలో ఎవరు మీరు" అని అడిగాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

భయపడకు, తెలివిగా నెట్టుకొచ్చాను. నీ ఉత్తరం చివరి పేజీ వాళ్ళ చేతిలో పెట్టాను. "లైసెన్సున్న మనిషి రాతపూర్వకంగా చెయ్యమన్నది, నేను చేశాను" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఇది ఆదేశమేనా" అన్నాడు కుర్రాడు. కాదా మరి? అన్నాను. మాట నీది, చెయ్యి నాది. తప్పంటూ ఉంటే చెరిసగం.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. ఆ రోజు నువ్వు సెలవు మీద వచ్చావని, టైలరమ్మ ఇంట్లో పక్కనే ఉండి నువ్వే చేయించావని ఒక కాగితం రాసివ్వు. తెలిసినాయన్ని అడిగాను. లైసెన్సున్న మనిషి పక్కనుండగా జరిగితే అది పొరపాటట. లేకుండా జరిగితే కేసట. పొరపాటుకి నిన్ను పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. కేసైతే నేను లోపలికి పోతాను, మీ అక్క వీధిన పడుతుంది. టైలరమ్మ కూతురి సంగతి నేను చూసుకుంటాను. ఆ పిల్లకి నీ మీద గౌరవం ఉంది, నువ్వు ఉన్నావంటే ఉన్నావనే అంటుంది.

నీకేం, ఒక్కదానివి. మొగుడా పిల్లలా? ఇంటి మనిషి కంటే గోడ మీది అద్దం ఎక్కువా నీకు? రూల్సు రూల్సని ఊదరగొట్టావు కదా, ఇదిగో రూలు ప్రకారమే బయటపడే దారి చూపిస్తున్నాను. ఒక్క సంతకం.

బావ

*

జూలై 18

బావగారికి,

కాగితం రాశాను. కౌన్సిల్‌కి నిన్ననే పంపాను. మీరు చెప్పినట్టు రాయలేదు.

ఆ రోజు నేను ఇక్కడే ఉన్నానని రాశాను. కొయ్యకాలు పెట్టించుకున్న లారీ డ్రైవరు చేత మెట్లు ఎక్కిస్తున్నాను, ఆయన్నే అడగండి అన్నాను. నేను లేనప్పుడు కూడా నా పేరున్న బోర్డు వీధిలోకి వేలాడుతూ ఉండనిచ్చానని రాశాను. మీరు నా కోటు వేసుకున్నారని తెలిసీ, మెడలు తిప్పుతున్నారని తెలిసీ, వచ్చి తాళం వెయ్యకుండా ఉత్తరాల్లో మిమ్మల్ని ఎగతాళి చేస్తూ కూర్చున్నానని రాశాను. పిక్క గురించి మీరు రాసిన ముక్క చదివీ పట్టించుకోలేదని రాశాను. మీ ఉత్తరాలూ జతచేశాను. నా చివరి పేజీ ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉంది.

పొరపాటుకీ కేసుకీ తేడా చెప్పారే, ఎంత శ్రద్ధగా కనుక్కున్నారండీ! ఈ శ్రద్ధలో పావు వంతు ఆ పిక్క మీద పెట్టి ఉంటే ఆవిడ ఇవాళ మిషన్ తొక్కుతూ ఉండేది. పైగా ఆ పిల్ల చేత అబద్ధం చెప్పిస్తారా? వాళ్ళమ్మని చంపబోయి, ఆ పిల్లనే సాక్ష్యానికి తెచ్చుకుంటారా? మీకు నోరెలా వచ్చింది?

గోడ మీది అద్దం ఎక్కువా అని అడిగారు. ఎక్కువే. అది చూసే కదా వాళ్ళు లోపలికి వచ్చి, బట్టలు సడలించుకుని, కళ్ళు మూసుకుని బల్ల మీద పడుకుంటారు. నా మొహం చూసి కాదు, మీ కోటు చూసి అంతకన్నా కాదు. ఈ లోపల ఉన్న మనిషి మనకి హాని చెయ్యదు అని ఆ అద్దం మాట ఇస్తుంది. ఆ మాట మనిద్దరం కలిసి తప్పాం. ఇప్పుడు అది నా దగ్గర ఉంచాలో లాక్కోవాలో వాళ్ళే తేలుస్తారు. లాక్కుంటే ఇక్కడి చదువూ పోతుంది. నాకు భయంగా ఉంది. ఈ పని తప్ప నాకు ఇంకో పని చాతకాదు, ఇంకోటి చెయ్యాలనీ లేదు.

అక్క వీధిన పడదు. నేనుండగా పడదు. తనకి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు నా దగ్గరికి వచ్చెయ్యమనండి. ఈ ముక్క మీరు దాటేస్తారని తెలుసు, అందుకే తనకి వేరే రాశాను.

మరదలు

*

జూలై 24

అమ్మా లైసెన్సు తల్లీ,

సొంత అక్క కాపురం కూల్చి నిజాయితీ చాటుకున్నావు. చప్పట్లు కొట్టించుకో. నా ఉత్తరాలు పరాయివాళ్ళ చేతిలో పెట్టడానికి నీకు మనసెలా ఒప్పింది? మీ అక్క పెట్టె సర్దుకుంటోంది. ఇదీ నీ చలవే.

విచారణకి నేనే వస్తాను. అందరి ముందూ నిన్ను అడగాల్సినవి అడుగుతాను. కోటు నీ మొహాన కొడతాను.

ఇక నాకు మరదలు లేదు.

*

ఆగస్టు 11

అక్క భర్తగారికి,

విచారణకి మీరు రాలేదు. నడుం పట్టేసిందట. అంత హస్తవాసి ఇంట్లో పెట్టుకుని మంచం ఎలా ఎక్కారో మరి. మీ తరఫున కాగితం మాత్రం వచ్చింది, నా ఉత్తరాలన్నీ జతచేసి. అందులోనూ తప్పంతా నాదే. సగం నిజమే. ఏం జరిగిందో మీకు తెలియాలని రాస్తున్నాను. సానుభూతి కోసం కాదు, మీ దగ్గర అది దొరకదని తెలుసు.

పొడుగాటి గది, పొడుగాటి బల్ల. అవతల అయిదారుగురు, అందులో మాకు పాఠం చెప్పిన పెద్దావిడ ఒకరు. టైలరమ్మ, కూతురు కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆవిడ కాలు పెట్టుకోవడానికి ఎవరో స్టూలు జరిపారు. మన ఉత్తరాలు వరసగా పైకి చదివారు, నా ఆ చివరి పేజీతో సహా. కాళ్ళు పట్టండి, హస్తవాసి చూపించండి. ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు, ఆయన్ని చూసి ఇంకొకాయన. "అంటే మీ ఉద్దేశం?" అని నన్ను అడిగారు. ఆ గదిలో నిలబడి నా సొంత మాటకి నేనే అర్థం చెప్పాను బావగారూ. చెబుతుంటే నాకు కూడా ఏదో చవకబారు హాస్యంలా వినిపించింది. టైలరమ్మ నవ్వలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత ఆవిడని మాట్లాడమన్నారు. కర్ర మీద బరువు వేసి లేచింది. కూర్చునే చెప్పమంటే వద్దంది.

"వీళ్ళిద్దరూ నెల పొడుగునా నా కాలు గురించి ఉత్తరాలు రాసుకున్నారట. ఇప్పుడు చదివితే విన్నాను. ఆయన నన్ను అడక్కుండా వంచాడు. ఈవిడ, అడగాలి అని ఆయనకి పాఠం చెప్పింది. బాగుంది. నాకు నొప్పిగా ఉందని ఆయన ఈవిడకి రాశాడు, నన్ను క్షమాపణ అడగమని ఈవిడ ఆయనకి రాసింది. కాలు నాది. నాకు మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఈవిడకి మా ఇల్లు తెలుసు. ఎలా ఉన్నావమ్మా అని ఒక్క కార్డు రాస్తే, పిక్క ఇలా ఉందని నేనే చెప్పేదాన్నిగా?"

అంతే అంది. కూర్చుంది. బల్లకి అవతల ఎవరూ నవ్వలేదు అప్పుడు.

నా లైసెన్సు ఏడాది పాటు ఆపేశారు. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష రాసి నిలబడాలట. అక్కడి చదువులో నుంచి నా పేరు తీసేశారు, సామాను సర్దుకుని ఊరికి వచ్చేశాను. బోర్డు నిన్న నేనే నిచ్చెన వేసుకుని దించాను. మీ సంగతి కౌన్సిల్ చేతిలో లేదు, లైసెన్సు లేని మనిషిని వాళ్ళేం చెయ్యగలరు, పోలీసులకి పంపారు. అక్క నా దగ్గర ఉంది. మీతో మాట్లాడాలనిపించినప్పుడు తనే మాట్లాడుతుంది, నన్ను అడగకండి.

విచారణ అయ్యాక వరండాలో టైలరమ్మ ఎదురైంది. కూతురు ఆటో పిలవడానికి వెళ్ళింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ వద్దు. డాక్టరుగారు కాలికి వ్యాయామం చేయించుకోమన్నారు, లేకపోతే మోకాలు ఇలాగే ఉండిపోతుందట. మీరొద్దు. మీ వాళ్ళెవరూ వద్దు. మంచి మనిషి ఎవరన్నా ఉంటే చెప్పండి" అంది.

సంచిలో కాగితం వెతికి, నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే మంచి ఆవిడ పేరు, వీధి, ఇంటి గుర్తు రాసిచ్చాను. వెళ్ళగానే గడ్డ కట్టిన సంగతి ముందు చెప్పండి అని కింద రాశాను. పైకి చదవమన్నాను. ప్రతి ముక్కా వేలు పెట్టి చదివింది. చదివి, కాగితం మడవకుండా నా మొహంలోకి చూసింది.

"దీనికి ఇంకో అర్థం ఏమీ లేదుగా?" అని అడిగింది.

లేదన్నాను.

మీ భార్య చెల్లెలు